నాయనమ్మ గొంతుతో తిట్టినవాడు

మా నాయనమ్మ శవం వాకిట్లో ఉండగా, ఊరి నుంచి వచ్చిన చుట్టాలంతా చూస్తుండగా మా నాన్న నన్నడిగాడు.

"వీడిట్లా చేస్తాడని నీకు ముందే తెలుసా?"

తెలుసు. ఆ జనంలో నాకొక్కడికే తెలుసు.

"తెలియదు నాన్నా" అన్నాను.

ఆ ఒక్క మాట మీద మా కుటుంబం ఒక కథ కట్టుకుంది. మేడమీద అద్దెకున్న ఆఫ్రికావాడు, మా అన్నం తిన్నవాడు, పెద్దావిడ పోతే ఆమె శాలువా కప్పుకొని శవం ముందే వెక్కిరించాడనీ, మా చిన్నాన్న వాడికి తగిన శాస్తి చేశాడనీ. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, పేకముక్కలు కలుపుకుంటూ మావాళ్ళు ఈ కథ చెప్పుకున్నారు. చెప్పినప్పుడల్లా నేను అక్కడే ఉన్నాను. కాదని ఎప్పుడూ అనలేదు. ఒకటి రెండుసార్లు అందరితోపాటు నవ్వాను కూడా.

ఈమధ్య మా నాన్న పోయాడు. చిన్నకర్మ నాడు భోజనాలయ్యాక మా చిన్నాన్న కొడుకు పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకొని మళ్ళీ అదే కథ ఎత్తుకున్నాడు. ఆ సంగతి జరిగేనాటికి అతను పుట్టనే లేదు. అయినా తువ్వాలు భుజాన వేసుకొని, పెదాలు ముందుకు సాచి, కుర్చీల మధ్య గెంతి చూపించాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది. నవ్వుతూనే నా వైపు తిరిగి, "నిజంగా అట్లా గెంతాడా నాన్నా?" అని అడిగింది.

గెంతలేదు. ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇల్లు పటమటలో. ఆటోనగర్‌లో నాన్నకి లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. సాయంత్రం ఆయన కంటే ముందు ఆయన వాసన ఇంట్లోకి వచ్చేది. రంపపు పొట్టు, పెయింటు, వెల్డింగు పొగ, జేబులో నలిగిన కిళ్ళీ. మేడమీద ఒక గదీ, చిన్న వంటిల్లూ ఉండేవి. ఎండలు ముదరకముందు ఆ గది కోసం ఒకతను వచ్చాడు. దగ్గర్లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, జింబాబ్వే దేశం వాడు. అప్పటికే చాలా గుమ్మాలు ఎక్కి దిగాడట. గేటుకి 'టు లెట్' బోర్డు వేలాడుతుండగానే "ఇచ్చేశామండీ" అని తలుపేసుకున్నారట.

మా నాన్న ఇచ్చాడు. మాది గొప్ప మనసనీ, మిగతావాళ్ళ లాంటివాళ్ళం కాదనీ అనుకునేవాళ్ళం. నిజానికి అద్దె ఎక్కువ ఇస్తానన్నాడు కాబట్టి ఇచ్చాం. "వాడు పైన, మనం కింద. మనకేంటి?" అని నాన్న అమ్మకి సర్దిచెప్పడం నేను విన్నాను.

ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడగలిగింది నేనొక్కణ్ణే. నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తారో చెప్పాలన్నా, చెత్త ఎక్కడ పోయాలో చెప్పాలన్నా నన్నే పంపేవాళ్ళు. పైమాట కిందికి, కిందిమాట పైకి మోసేవాణ్ణి. అతన్ని 'అన్నా' అని పిలిచేవాణ్ణి. ఆ పిలుపుకి అర్థం చెప్పాక అతను నన్ను 'తమ్ముడూ' అనడం మొదలుపెట్టాడు. నాకు గర్వంగా ఉండేది. కానీ ఆ గర్వం వీధి దాకా రాలేదు. వీధిలో పిల్లలు అతని వెంటపడి అరిచేవాళ్ళు. మంగలి షాపులో కుర్చీ ఖాళీగా ఉన్నా "తర్వాత రమ్మను" అనేవాళ్ళు. నేనూ తక్కువ తినలేదు. ఒకరోజు కాలేజీ స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి, మెట్ల మీద నిలబెట్టి, అతను బట్టలు ఉతుక్కుంటుంటే చూపించాను. అతను సబ్బు చేతులతోనే లేచి నిలబడి, "మీ పేర్లు?" అని ఒక్కొక్కణ్ణీ అడిగాడు. పేరు చెప్పకుండానే మావాళ్ళు మెట్లు దిగి పరిగెత్తారు.

అతనితో మా ఇంట్లో మొదట స్నేహం కలిసింది నాయనమ్మకి. అది కూడా వాసన వల్లే. ఒక మధ్యాహ్నం పైనుంచి పిండి ఉడికే వాసన వస్తే ఆమె కర్ర పట్టుకొని మెట్లెక్కింది. వెనకాలే నేను. అతను చెక్క గరిటెతో గిన్నెలో ముద్ద తిప్పుతున్నాడు.

"ఏంట్రా అది?" అంది.

"మొక్కజొన్న పిండట నాయనమ్మా. వాళ్ళకి అదే అన్నమట."

ఆమె గిన్నెలోకి తొంగి చూసింది. "ఓరినీ! సంకటే కదరా!" అని అక్కడే పీట లాక్కొని కూచుంది. నన్ను కిందికి పంపి గోంగూర పచ్చడి తెప్పించింది. ఇద్దరూ ఒకే కంచంలోంచి తిన్నారు.

ఆమెది మెట్ట. తిరువూరు వైపు పల్లె. జొన్నలు తిని పెరిగిన పిల్లని డెల్టాలో వరి తినే ఇంటికి ఇచ్చారు. కొత్తలో అత్తగారూ తోడికోడళ్ళూ "జొన్నకూడు మొహం" అని ఏడిపించేవాళ్ళట. అందుకని ఆమె సంకటి మాటే ఎత్తడం మానేసింది. ఇదంతా నాకు ఆరోజే తెలిసింది.

తినడం అయ్యాక అతను అరచేతులు చదునుగా ఆనించి మెల్లగా చప్పట్లు కొట్టాడు. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఈమెది ఏ ఇల్లు?" అని అడిగాడు.

"ఇదే ఇల్లు" అన్నాను.

"ఇది మీ తాతగారి ఇల్లు. ఈమె పుట్టిన వంశం ఏది?"

వాళ్ళ దేశంలో ఒకరికి కృతజ్ఞత చెప్పాలంటే వాళ్ళ వంశాన్ని పొగిడి చెప్పాలట. ప్రతి వంశానికీ గుర్తుగా ఒక జంతువు, ఆ వంశానికంటూ ఒక పొగడ్త పద్యం ఉంటాయట. పసిపిల్లాడి దగ్గర్నుంచి అందరికీ తమ పద్యం నోటికి వస్తుందట. ఆడమనిషి పెళ్ళి చేసుకొని ఎంత దూరం పోయినా ఆమెని పుట్టింటి పద్యంతోనే పొగుడుతారట. వంశం తెలియకుండా ఆమె పెట్టిన పచ్చడికి దండం పెట్టడం ఎట్లా అని అతని బాధ.

నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు చెప్పడానికి కాసేపు పట్టింది. మరిచిపోయి కాదు, పలికి చాలాకాలమై. చెప్పాక దాన్ని తనే ఇంకోసారి పలుక్కుంది.

"మాకూ ఉండేవాళ్ళురా గోత్రాలు చెప్పేవాళ్ళు" అంది. "నూర్పిళ్ళయ్యాక గంట వాయించుకుంటా వచ్చేవాడు. మా నాన్న, ఆయన నాన్న, ఆయన తాత, అందరినీ వరసబెట్టి పాడేవాడు. మా నాన్న మీసం దువ్వుకుంటా వినేవాడు. చేటలతో జొన్నలు పోసేవాళ్ళం."

"ఆ పాటలో మీ పేరుందా అంబూయా?" అన్నాడతను. వాళ్ళ భాషలో నాయనమ్మని అట్లా పిలుస్తారట.

నేను అడిగితే ఆమె నవ్వింది. "ఆడదాని పేరు అందులో ఎందుకుంటుందిరా? మా అమ్మ పేరే వినలా నేను."

ఆ వేసవంతా వాళ్ళిద్దరి మధ్యా కూచుని మాటలు మోశాను. ఎండ తగ్గాక మేడమీద నీళ్ళు చల్లి చాప వేసేవాళ్ళం. తడిసిన సిమెంటు వాసన లేచేది. అతను వాళ్ళమ్మమ్మ దగ్గర విన్న కథలు చెప్పేవాడు. కథ చెప్పేవాడు ఒక్కొక్క వాక్యం అన్నప్పుడల్లా వినేవాళ్ళు బదులు పలకాలట, లేకపోతే కథ నడవదట. "ఊ కొట్టడమే కదా" అంది నాయనమ్మ. ఆమె ఊ కొడితే అతను కథ సాగించేవాడు. బదులుగా ఆమె నాట్ల పాటలు పాడేది. మాగాణిలో నడుం వంచి పాడే పాటని మోకాళ్ళ నొప్పులతో పీట మీద కూచుని పాడేది. నాకు ఆ పాటలు విసుగు. ఎప్పుడూ సరిగ్గా వినలేదు. ఇప్పుడు ఒక్క చరణం కూడా గుర్తులేదు.

ఆవకాయ రోజు బాగా గుర్తుంది. ఇల్లంతా ఆవపిండి ఘాటు, నూనె, వెల్లుల్లి. తుడిచిన మామిడి ముక్కల్ని మేడమీద గుడ్డ పరిచి ఆరబెట్టారు. కాపలాకి నన్ను పెట్టారు. నేనూ అతనూ ఉప్పు అద్దుకొని తినడం మొదలుపెట్టి గుడ్డలో ఒక మూల ఖాళీ చేశాం. నాయనమ్మ పైకొచ్చి చూసి, కర్రతో నేల కొడుతూ అతన్ని తిట్టడం అందుకుంది.

"తాడిచెట్టులా పెరిగాడు, తలకాయ చూస్తే ఈతకాయంత! అడిగి తిన్నోడు బిడ్డ, అడక్కుండా తిన్నోడు దొంగ. నువ్వు బిడ్డవో దొంగవో తేల్చుకొని కిందికి దిగరా!"

అతను చేతిలో ముక్క పట్టుకొని కళ్ళప్పగించి విన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పబోతే ఆపేశాడు. "అర్థం తర్వాత. మళ్ళీ తిట్టమను."

"ఏమంటున్నాడురా?"

"ఇంకోసారి తిట్టమంటున్నాడు నాయనమ్మా."

ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే మళ్ళీ తిట్టింది. అతను కర్ర అందుకొని, నడుం వంచి, ఆమె గొంతుతో, ఆమె దమ్ము తీసుకునే చోటే దమ్ము తీసుకుంటూ మొత్తం అప్పజెప్పాడు. ఆమె తిట్టులో వాళ్ళ పొగడ్త పద్యాల నడకే ఉందన్నాడు. ఆ తర్వాత నాయనమ్మ నోరు విప్పినప్పుడల్లా అతను చెవి ఒగ్గి వినేవాడు. పాలవాణ్ణి తిట్టేది, అమ్మని తిట్టేది, ఊళ్ళో చేలు చూసుకునే మా చిన్నాన్న రావడం లేదని తిట్టేది, అన్నీ పట్టేశాడు. కొన్నాళ్ళకి ఆమెకంటూ ఒక పొగడ్త కూడా కట్టాడు, సగం తన భాషలో, సగం నా దగ్గర ఏరుకున్న తెలుగు మాటలతో. 'మెట్ట మట్టి బిడ్డా, జొన్నకంకి తలకెత్తుకున్నదానా, ఊరు దాటి వచ్చీ ఊరిని విడవనిదానా' అని మొదలయ్యేది. అది వినేటప్పుడు నాయనమ్మ కొంగు సర్దుకొని నిటారుగా కూచునేది.

అసలు విషయం అక్కడే మొదలైంది. "మీ దేశంలో మనిషి పోతే ఏం చేస్తారురా?" అని ఆమె ఒకరోజు అడిగింది.

అతను చెప్పాడు. ఏడుస్తాం, పాడతాం. కానీ ప్రతి ఇంటికీ 'సాహ్విర' అని ఒక నేస్తం ఉంటాడు. నెత్తురు చుట్టం కాదు, అంతకన్నా దగ్గర. ఇంట్లో మనిషి పోయిన రోజు అతను పోయినవాళ్ళ బట్టలు వేసుకొని, వాళ్ళలాగే నడిచి, వాళ్ళ మాటలే మాట్లాడతాడు. ఏడ్చేవాళ్ళని నవ్విస్తాడు. పోయినవాళ్ళు అనాలనుకొని అనలేకపోయింది కూడా అతను అనేస్తాడు. ఆ రోజు అతను ఏమన్నా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. అట్లా చేసేవాడు లేకపోతే మనిషిని మర్యాదగా సాగనంపినట్టు కాదు.

నేను చెప్పిందంతా విని ఆమె పీట అతని దగ్గరికి జరుపుకుంది.

"మా అమ్మ పోయినప్పుడు ఆడాళ్ళు శోకాలు పెట్టారురా. ఆమె చేసిన పనులన్నీ రాగం తీసి చెప్పారు. ఇప్పుడెవరికొచ్చు? నేను పోతే వీళ్ళు ముక్కు చీది పొలాల కబుర్లలో పడతారు." అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెయ్యరా నాకు. నాలాగా తిట్టు అందరినీ. వీణ్ణి కూడా" అని నన్ను కర్రతో పొడిచింది.

అతని మొహంలో నవ్వు పోయింది. అది ఆటకి ఒప్పుకునే పని కాదన్నాడు. ఇంటి పెద్దకొడుకు సరేననాలి, అడక్కుండా చెయ్యకూడదు అన్నాడు.

"వాణ్ణి అడిగేదేంట్రా? చచ్చేది నేనా, వాడా?" అంది నాయనమ్మ. అయినా అతను అడిగే చేస్తానని మాటిచ్చాడు.

శ్రావణం ముసురులో ఆమె పోయింది. రెండు పూటలు జ్వరం, అంతే. తెల్లారేసరికి వాకిట్లో షామియానా వేశారు. ఊరి నుంచి ట్రాక్టర్ల మీద, కార్ల మీద చుట్టాలు దిగారు. అగరొత్తుల పొగ, తడిసిన చెప్పుల వాసన. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని కూచున్నారు. మగవాళ్ళు కుర్చీల్లో పొలాల ధరలు మాట్లాడుకుంటున్నారు. శోకం ఎవరికీ రాలేదు. ఆమె చెప్పినట్టే అయింది.

అతను మెట్ల మీద నిలబడి నన్ను పిలిచాడు. కళ్ళు వాచి ఉన్నాయి. "మీ నాన్నగారిని అడుగు తమ్ముడూ. ఆయన వద్దంటే నేను గదిలోంచి కదలను" అన్నాడు.

నేను వెళ్ళాను. నాన్న పెద్దమనుషుల మధ్య నిలబడి ఉన్నాడు. పాడెకి వెదుళ్ళు తెచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నాడు. గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. దగ్గరికి పోయి నిలుచున్నాను. "ఏంట్రా?" అన్నాడు. ఏమని చెప్పను? మేడమీది ఆఫ్రికా అతను నాయనమ్మలా నటిస్తాడట, సరేనంటారా అనా? "ఏం లేదు నాన్నా, మంచినీళ్ళు కావాలేమోనని" అన్నాను. ఆయన చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

మెట్ల దగ్గరికి తిరిగి వచ్చాను. అతను కళ్ళతోనే అడిగాడు. వెళ్ళి అడగలేకపోయానని చెప్పడానికి నాకు సిగ్గేసింది. తలూపాను.

"సరేనన్నారా?"

"సరేనన్నారు" అన్నాను.

అతను నాయనమ్మ శాలువా కప్పుకొని, ఆమె కర్ర పట్టుకొని వచ్చాడు. ముందు శవం దగ్గర మోకాళ్ళ మీద కూచుని, అరచేతులు చదునుగా తట్టి, ఆమె పొగడ్త మొత్తం చెప్పాడు. ఏదో వాళ్ళ ప్రార్థన అనుకొని జనం ఊరుకున్నారు. తర్వాత నడుం వంచి లేచాడు. కర్రతో నేల తట్టాడు. నాయనమ్మ గొంతు వచ్చింది.

"ఏవే! ఏడుపులు తర్వాత, ముందు లోపల పాలు పొంగుతున్నాయేమో చూడండే! నేను లేకపోతే పొయ్యి కట్టేసే దిక్కు లేదు ఈ కొంపలో!"

మా అమ్మ ఉలిక్కిపడి వంటింటి వైపు చూసింది. ఒక మూల నుంచి నవ్వు వినిపించింది. నాయనమ్మ చెల్లెలు, మెట్ట నుంచి వచ్చిన ముసలావిడ. నవ్వి, వెంటనే "అక్కా!" అని గుండెలవిసేలా ఏడ్చింది. ఆరోజు ఆ వాకిట్లో వినబడిన మొదటి నిజమైన ఏడుపు అదే.

అతను మా చిన్నాన్న ముందుకు పోయి ఆగాడు.

"ఒరే చిన్నోడా, పండక్కి రమ్మంటే పనుందన్నావు, మోకాళ్ళు పట్టేశాయంటే వానన్నావు. ఇయ్యాల వాన లేదట్రా? కారేసుకొని వచ్చావు?"

అది నాయనమ్మ మాటే. తను పోయాక వాడొస్తే ఇట్లా అడుగుతానని ఆమె మేడమీద అనడం నేనే ఎన్నోసార్లు విన్నాను. చిన్నాన్న మొహం నల్లబడింది. లేచి అతని చెంప మీద కొట్టాడు. ఆ తర్వాత ఎవరు కొట్టారో ఎవరు ఆపారో చెప్పలేను. "మా అమ్మనే వెక్కిరిస్తాడా నీగ్రోగాడు!" అని అరుపులు. వీధిలోకి ఈడ్చుకుపోయారు. కర్ర విరిగింది. శాలువా బురదలో పడింది. అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడే తప్ప ఒక్కసారి కూడా తిరగబడలేదు.

మా నాన్న కొట్టలేదు. జనాన్ని తోసుకుంటూ వచ్చి అందరినీ ఆపాడు. అతను నోటి నెత్తురు తుడుచుకొని నాన్న వైపు చూసి ఇంగ్లీషులో అన్నాడు, "మీరు సరేనన్నారు కదా. మీరు సరేనన్నారు."

నాన్న నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడురా?"

మాట మోయడం ఒక్కటే ఆ ఇంట్లో నా పని.

"ఏదో అంటున్నాడు నాన్నా. అర్థం కావట్లేదు" అన్నాను.

అప్పుడే ఆయన రెండో ప్రశ్న అడిగాడు. దానికి నేను చెప్పిన జవాబు మొదట్లోనే రాశాను.

అతను నన్ను చూడలేదు. నాన్ననే చూస్తూ ఉన్నాడు. ఆ సాయంత్రమే అతని పెట్టె, గిన్నెలు గేటు బయట పెట్టించారు. ఆ మర్నాడు మేడ కడిగించారు.

తర్వాత ఒకసారి బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడి కనిపించాడు. నేను ఆగి ఉన్న లారీ వెనక్కి తప్పుకున్నాను. లారీ కదిలిపోయింది. దాక్కోవడానికి ఏమీ లేక అట్లాగే నిలబడ్డాను. అతను చెయ్యెత్తాడు, పలకరిస్తున్నట్టు. నేను తల తిప్పుకొని నడిచిపోయాను.

చిన్నకర్మ నాడు మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాక, అతన్ని వెతికింది కూడా ఆమే. అతను చదివిన కాలేజీ పాత విద్యార్థుల గ్రూపు ఒకటి ఫోన్లో ఉంది. అందులో దొరికాడు. సొంత దేశంలో ఏదో చిన్న పట్నంలో నీటి సరఫరా శాఖలో పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను.

"మీ నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగాడు. అతని మొదటి ప్రశ్న అదే.

పోయారని చెప్పాను.

"ఆయన మీద ఇన్నేళ్ళూ కోపం పెట్టుకున్నాను" అన్నాడు. "కొట్టినవాళ్ళ మీద లేదు. వాళ్ళకి తెలియదు. ఆయన సరేనని, నలుగురి ముందూ మాట తప్పాడు. అట్లాంటి మనిషి ఇంట్లో తిన్నానే అనుకునేవాణ్ణి. నా పిల్లలకి కూడా అట్లాగే చెప్పాను."

మావాళ్ళు అతని గురించి ఒక అబద్ధం చెప్పుకుంటున్నారనే నాకు తెలుసు. అతని ఇంట్లో మా నాన్న గురించి కూడా ఒక అబద్ధం నడుస్తోందని ఆ క్షణం దాకా తెలియదు. రెండూ నేను పుట్టించినవే. మా నాన్న ఆ రోజు జనాన్ని ఆపాడు. ఆయనకి దక్కింది ఇది. ఆయన బతికుండగా ఈ ఫోన్ చెయ్యడానికి నాకు బోలెడు కాలం ఉండింది.

"ఆయన్ని నేను అడగలేదు అన్నా" అన్నాను. "అడగడానికి వెళ్ళి, అడగకుండా వచ్చి, సరేనన్నారని నీకు చెప్పాను."

నన్ను క్షమించమని గబగబా అనేశాను.

"నన్ను కొట్టింది నలుగురిలో" అన్నాడతను. గొంతులో కోపం లేదు, దయ కూడా లేదు. "నువ్వు ఇప్పుడు నా చెవిలో చెప్తున్నావు. మా ఊళ్ళో వినేవాళ్ళు లేకుండా చెప్పినదాన్ని మాట అనరు. ఎవరి ముందు జరిగిందో వాళ్ళ ముందు చెప్పు. నేను వింటాను."

పెద్దకర్మ నాడు పటమటలోనే ఒక హాలు తీసుకున్నాం. ఆనాడు వాకిట్లో ఉన్నవాళ్ళలో మిగిలినవాళ్ళంతా వచ్చారు. చిన్నాన్నకి ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనబడవు. కొడుకు చెయ్యి పట్టుకొని తెచ్చి ముందు వరసలో కూచోబెట్టాడు. నాన్న ఫొటోకి దండలు వేస్తున్నారు. వెనక వడ్డన మొదలై పులిహోర, గారెల వాసన వస్తోంది. సగం మంది అటే చూస్తున్నారు. నాలుగు మంచి మాటలు చెప్పమని నా చేతికి మైకు ఇచ్చారు. నేను ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఫొటో పక్కన బల్ల మీద ఉంచాను. ఎవరు వింటున్నారో పేరుతో సహా చెప్పాను. తర్వాత ఆ రోజు జరిగింది నాయనమ్మ అడిగిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను.

"ఇప్పుడెందుకురా అయ్యా ఆ పాత గోల? మీ నాన్న కార్యంలో!" అన్నాడు చిన్నాన్న, ఎక్కడున్నానో సరిగ్గా ఆనక, వేరే వైపు చూస్తూ.

"చెప్పనివ్వండి బాబాయ్" అని ఎవరో అన్నారు. ఒకరిద్దరు భోజనాలకి లేచి వెళ్ళారు. చిన్నకర్మ నాడు గెంతి చూపించిన చిన్నాన్న కొడుకు తల వంచుకొని నేల చూస్తున్నాడు. మా అమ్మాయి గోడవారగా నిలబడి నన్నే చూస్తోంది.

నేను ఫోన్ వైపు తిరిగాను. ముందు తెలుగులో, హాలంతా వినేట్టు చెప్పాను. తర్వాత అదే మాట, ఏమీ తగ్గించకుండా, ఇంగ్లీషులో చెప్పాను.

"అన్నా, మా నాయనమ్మ అడిగితేనే నువ్వు చేశావు. నువ్వు ఎవరినీ వెక్కిరించలేదు. మా నాన్న నీకు మాట ఇవ్వలేదు, తప్పలేదు. నేను ఆయన్ని అడక్కుండా అడిగానని నీతో అబద్ధం చెప్పాను. నువ్వు అన్నది అర్థమై కూడా అర్థం కాలేదని ఆయనతో అబద్ధం చెప్పాను. నిన్ను కొట్టించింది నేనే. నిన్నూ ఆయన్నీ క్షమాపణ అడుగుతున్నాను. ఆయన వినలేడు. నువ్వు క్షమించకపోయినా నేను అడగాలి. తప్పు నాది అన్నా."